ఏడు సీట్ల బండి డైరీ: ముందు సీటు కొలత, తర్వాతే ధర

ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. నెలకోసారి అనంతపురం వెళ్ళొస్తాం. మొత్తం ఆరుగురం: నేను, మా ఆయన, పదకొండేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, అత్తమ్మ, మామగారు. అత్తమ్మకి రెండు మోకాళ్ళూ అరిగాయి. బండి ఎక్కువగా నడిపేది నేనే. నా ఎత్తు 152 సెంటీమీటర్లు, మా ఆయన 178. ఈ రెండంకెలూ గుర్తుపెట్టుకోండి, ఆరో దశలో వీటితోనే పని.

చూసిన మూడు బండ్లనీ ఎ, బి, సి అని రాస్తున్నాను. మూడూ నాలుగు మీటర్ల పొడవు దాటిన, 1,500 సీసీ లోపు పెట్రోలు బండ్లు. పేర్లు రాస్తే నా కొలతలే నమ్మి కొనేస్తారని భయం. ఒకే బండిలో వేరియంట్ మారితే కుషన్ మారుతుంది. మీ ఇంట్లో మోకాళ్ళ ఎత్తు వేరు. కొలిచే పద్ధతి మాత్రం అలాగే వాడుకోండి.

దశ 1: బుక్ చేసి రద్దు చేసుకున్నాం (నవంబరు 9 – 16)

మొదటి ఆదివారం షోరూముకి నేనూ మా ఆయనా మాత్రమే వెళ్ళాం. బండి ఎ నచ్చింది. "ఈ ఆఫర్ శనివారం దాకానే, తర్వాత నా చేతుల్లో ఉండదు సార్" అన్నారు. 25,000 తగ్గింపు పోతుందని టెన్షన్ పడి, 11,000 కట్టి బుక్ చేసేశాం.

తర్వాతి ఆదివారం అత్తమ్మని చూపించడానికి తీసుకెళ్ళాం. ఆమె డోరు పట్టుకుని, కొంచెం వంగి, సీట్లోకి కూలబడ్డట్టు కూర్చుంది. మోకాళ్ళు నడుము కన్నా పైకి వచ్చాయి. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది పీట మీద కూచున్నట్టుంది కదమ్మా. దిగాలంటే నన్ను ఇద్దరు లాగాల" అంది. అలాగే దించాల్సి వచ్చింది.

బుకింగ్ రద్దు చేశాం. డబ్బు వెనక్కి రావడానికి 19 రోజులు పట్టింది, ప్రాసెసింగ్ అని 1,000 కోసుకున్నారు. ఆ సంగతి రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, సంతకం పెట్టే ముందు మేం తిప్పి చూడలేదు.

మార్చింది: ఇక సీటు తేలేదాకా ధర అడగకూడదని ఇంట్లో అనుకున్నాం. తగ్గింపు మాట చెవిన పడ్డాక సీటు మీద మనసు నిలవదు, మాకు అదే జరిగింది.

ఇప్పటిదాకా: షోరూము 1, ఆదివారాలు 2, పోయింది ₹1,000.

దశ 2: ఇంట్లో కొలతలు (నవంబరు 16 రాత్రి)

సామాను: మూడు మీటర్ల టేపు (₹180), నోటు పుస్తకం, బొంతలు.

1. అత్తమ్మ ఎవరి సాయమూ లేకుండా లేచే కుర్చీ ఎత్తు కొలిచాం: 45 సెం.మీ.
2. చెప్పులు వేసుకుని నేల నుంచి మోకాలి వెనక మడత దాకా: 40. మొదట వట్టి కాళ్ళతో కొలిచాం, 38 వచ్చింది. బండిలో చెప్పులతోనే కూర్చుంటారు కాబట్టి మళ్ళీ కొలిచాం.
3. నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా: 45. సీటు కుషన్ పొడవు దీనికన్నా ఎక్కువుంటే అంచు పిక్కల్లో గుచ్చుకుంటుంది. మరీ తక్కువుంటే తొడల కింద ఆనిక ఉండదు.
4. ఎక్కే ఎత్తు. ఇది కొలవడానికే గంట పట్టింది.

నాలుగోది ఎలా చేశామో వివరంగా రాస్తాను, చాలామంది అడిగేది ఇదే. కారు సీటు మీద ఎవరూ ఎదురుగా కూర్చోరు. పక్కకి తిరిగి నడుము పెట్టి, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకుంటారు. అందుకని మంచం అంచున అత్తమ్మని అలాగే కూర్చోమన్నాం. పరుపు మీద ఒక్కో బొంతా మడిచి వేస్తూ ఎత్తు పెంచాం. 50 దగ్గర ఆమె కూలబడుతోంది. 60 నుంచి 65 మధ్య నడుము నేరుగా జారి సీటు మీదికి వెళ్తోంది, చెయ్యి కూడా ఆన్చలేదు. 70 దగ్గర మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. కాబట్టి మాకు కావలసిన ఎత్తు 60 – 65.

ఇప్పటిదాకా: ₹1,180.

దశ 3: షోరూముల్లో టేపు (నవంబరు 22, 23)

ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద రెండు, హెణ్ణూరు వైపు ఒకటి తిరిగాం. టేపు తీస్తే ఎవరూ వద్దనలేదు. ఒక కుర్రవాడు చింతామణి వైపు వాడట, చక్కటి తెలుగు. "అక్కా, సీట్లు అన్ని బండ్లకీ ఒకటే, వారంలో అలవాటైపోతాయి" అన్నాడు. నేను కొలిచిన అంకెలు చూపిస్తే తనే టేపు రెండో కొస పట్టుకుని సాయం చేశాడు.

మొదటి షోరూములో ఖాళీ సీటు కొలిచి తప్పు చేశాను. మనిషి కూర్చుంటే కుషన్ నాలుగైదు సెంటీమీటర్లు దిగుతుంది. రెండో రోజు అత్తమ్మని కూర్చోబెట్టి మూడు బండ్లూ మళ్ళీ కొలిచాం. రెండో వరస ఎడమ సీటు, సెం.మీ.లలో:

- ఎ: నేల నుంచి సీటు 54, బండి ఫ్లోరు నుంచి సీటు 27, కుషన్ పొడవు 46
- బి: 63, 33, 44
- సి: 71, 35, 47

సి చూడ్డానికి రాజాలా ఉంది, కానీ అత్తమ్మకి మెట్టు కావాలి, కుషన్ కూడా పొడుగు. మెట్టు బిగిస్తే సరిపోదా అని మా ఆయన అన్నాడు. ఆ మెట్టు మీద ఒంటి కాలి మీద లేవాలి, అరిగిన మోకాలితో అదే కష్టం. సి ని పక్కన పెట్టాం.

ఆ రెండో రోజు పాప చైల్డ్ సీటు కూడా మోసుకెళ్ళాం. ఈ పని మీరూ తప్పక చెయ్యండి. మూడో వరసలోకి వెళ్ళాలంటే రెండో వరస సీటు మడవాలి, చైల్డ్ సీటు బిగించి ఉంటే ఆ పక్క మడవదు. ఎ లో ఎడమ పక్క బిగించాక బాబు మూడో వరసలోకి వెళ్ళడానికి దారే లేకపోయింది. కుడి పక్క బిగించి, ఫుట్‌పాత్ వైపు ఎడమ సీటు మడిచేది అని నిర్ణయించాం. ఎడమ సీటు అత్తమ్మది. అంటే వెనక కూర్చునేవాళ్ళు ముందు ఎక్కి చివర దిగాలి. ఆ వరుస అలవాటు చేసుకున్నాం.

ఇంకో కొలత: మూడో వరస లేపి ఉంచి, వెనక 26 కిలోల బియ్యం మూట నిలువుగా పట్టాలి. ఊరినుంచి తెచ్చేది అదే. షోరూముకి మూట తీసుకెళ్ళలేం కాబట్టి మూట కొలతకి అట్టముక్క కత్తిరించి పట్టుకెళ్ళాను. బి లో పట్టింది, పక్కన రెండు చేతిసంచులకి చోటు మిగిలింది.

ఇప్పటిదాకా: షోరూములు 3, ఖర్చు అదే ₹1,180.

దశ 4: టెస్ట్ డ్రైవ్, దాదాపు వదిలేసిన బండి (నవంబరు 30)

కొలతల్లో నెగ్గిన బి నడిపితే నిరాశ మిగిలింది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర చిన్న గతుకు కూడా వెన్నులోకి తగిలింది. మామగారు, "సీటు బాగుంది, బండి గట్టిగా ఉంది" అన్నారు. నేను పుస్తకంలో బి ని కొట్టేసి ఇంటికి వచ్చాను.

రాత్రి మా ఆయన ఒక మాట అన్నాడు: టైర్లలో గాలి ఎంతుందో చూశామా? కొత్త బండ్లు లారీల్లో వచ్చేటప్పుడు, యార్డులో నిలబడేటప్పుడు గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు. డెమో బండికి అది దించకుండానే తిప్పుతుండవచ్చు. గాలి చూసే మీటరు ఒకటి కొని (₹450) మరునాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. నాలుగు టైర్లూ 40 పీఎస్ఐ దాటి ఉన్నాయి. డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభం మీద ఉండే స్టిక్కరులో 33 అని ఉంది. షోరూము వాళ్ళనే అడిగి 33కి దించి, అదే రోడ్డు, అదే గతుకులు తిరిగాం. మామగారు ఈసారి ఏమీ అనలేదు, దారి పొడుగునా బాబుతో కబుర్లు చెబుతూ కూర్చున్నారు. కొట్టేసిన పేరు మళ్ళీ రాశాను.

మీరు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే:

1. స్టిక్కరు చూడండి.
2. గాలి చూడండి.
3. ఆ తర్వాతే సీటు ఎక్కండి.

ఇప్పటిదాకా: ₹1,630.

దశ 5: ఒక రోజు అద్దె, లేపాక్షి (డిసెంబరు 6)

పావుగంట టెస్ట్ డ్రైవ్‌లో ఏ సీటైనా బాగానే ఉంటుంది. రెండు గంటలు కావాలని అడిగితే ఏ షోరూమూ ఇవ్వలేదు, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. అందుకని అదే బి బండిని సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి తీసుకున్నాం, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాల బండి. అద్దె 3,400, పెట్రోలు, టోలు కలిపి 2,350. జాతీయ రహదారి 44 మీద దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగి లేపాక్షి వెళ్ళాం. మా అనంతపురం దారిలో సగం ఇదే.

ఎలా ఉంది అని అడిగితే అందరూ బాగుంది అంటారు. అందుకని ఎవరినీ అడగలేదు. కూర్చున్నాక మొదటిసారి నడుము ఎత్తి సర్దుకున్నది ఎప్పుడో బాబు చేత వాచీ చూసి రాయించాను. ఒళ్ళు అబద్ధం చెప్పదు.

వెళ్ళేటప్పుడు:

- మామగారు (ముందు సీటు): 80 నిమిషాలు
- అత్తమ్మ (రెండో వరస ఎడమ): 52
- బాబు (మూడో వరస): 40
- మా ఆయన (మూడో వరస): 18

పద్ధెనిమిది నిమిషాలకే మా ఆయన మోకాళ్ళు పక్కకి తిప్పాడు. మూడో వరస ఫ్లోరు నుంచి సీటు 24 సెంటీమీటర్లే, ఆ పీట కష్టం ఈసారి ఆయనకి వచ్చింది.

వీరభద్రుడి దర్శనం అయ్యాక, గుడి బయట చెట్టు నీడలో బండి ఆపి రెండు మార్పులు చేశాం. రెండో వరసని అయిదు సెంటీమీటర్లు ముందుకి జరిపాం. అత్తమ్మ నడుము వంపులో తువ్వాలు మడిచి పెట్టాం. తిరుగు ప్రయాణంలో మా ఆయన 35, అత్తమ్మ 49. ఆమెకి మూడు నిమిషాలు తగ్గాయి, ఆయనకి పదిహేడు పెరిగాయి. ఈ బేరం నాకు నచ్చింది.

ఇప్పటిదాకా: ₹7,380. ఇందులో అద్దె డబ్బే ఎక్కువ. మళ్ళీ కొంటే మిగతావన్నీ మానేసినా ఇది మానను.

దశ 6: ఏ వేరియంట్? పది లక్షల గీత (డిసెంబరు 8 – 12)

బి లో కింది వేరియంట్ ఎక్స్-షోరూమ్ ధర (జీవిత పన్ను, బీమా కలపక ముందు) 9,94,000, పైది 10,86,000. వెనక సీట్లు రెండింట్లో ఒకటే. పైదాంట్లో నాకు పనికొచ్చే తేడా ఒక్కటే: డ్రైవరు సీటు ఎత్తు మార్చుకునే లీవరు.

తేడా 92,000 అనుకున్నాను. కాదు. కర్ణాటకలో జీవిత పన్ను (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టేది) అయిదు దాటి పది లక్షల లోపు బండికి 14 శాతం, పది దాటి ఇరవై దాకా 17 శాతం, ఆ పన్ను మీద 11 శాతం సెస్సు. ధర పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు మన పేరున ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పడుతుంది.

1. కింది వేరియంట్ పన్ను: 15.54 శాతం, ₹1,54,468
2. పై వేరియంట్ పన్ను: 18.87 శాతం, ₹2,04,928
3. పన్ను తేడా: ₹50,460
4. టీసీఎస్: ₹10,860. ఇది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు.
5. అసలు తేడా, టీసీఎస్ వదిలేసి: ₹1,42,460

ఒక లీవరుకి లక్షా నలభై వేలు! మా ఆయన అడిగింది న్యాయమే: "కింద దిండు వేసుకుంటే పోదా?" అదీ కొలిచాం. కింది వేరియంట్‌లో బానెట్ కనబడాలంటే నేను సీటు పూర్తిగా ముందుకి లాక్కోవాలి. అప్పుడు ఛాతీకి, స్టీరింగ్ మధ్యకి 21 సెంటీమీటర్లు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌కి కనీసం 25 దూరం ఉండాలంటారు. దిండు వేస్తే చూపు బాగుంది, కానీ గట్టిగా బ్రేకు వేస్తే నాతోపాటు దిండూ జారింది, నడుము బెల్టు పొట్ట మీదికి ఎక్కింది. పై వేరియంట్‌లో సీటు లేపి, వెనక్కి జరిపితే 28 వచ్చింది, బానెట్ అంచు కూడా కనబడింది. రోజూ నడిపేది నేను, పక్కనే పిల్లలు. పైదే తీసుకుందామన్నాను, ఆయన సరేనన్నాడు.

మా బావ ఫోన్ చేసి అనంతపురం అడ్రసు మీద రిజిస్టర్ చేయించమన్నాడు. బండి ఉండేది, తిరిగేది బెంగళూరులో. ఏడాది దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరుకి మార్చుకోవాల్సిందే. వద్దన్నాను.

దశ 7: ధర (డిసెంబరు 13 – 27)

ఇప్పుడు మొదటిసారి ధర అడిగాం. "ఆన్‌రోడ్ పద్నాలుగు లక్షలు, రౌండ్ ఫిగర్" అన్నారు. విడివిడిగా కాగితం మీద రాసివ్వమంటే వచ్చింది ఇది:

- ఎక్స్-షోరూమ్ 10,86,000
- జీవిత పన్ను 2,04,928
- టీసీఎస్ 10,860
- బీమా 57,300
- రిజిస్ట్రేషన్, లోను నమోదు, కార్డు 2,300
- ఫాస్టాగ్ 600
- హ్యాండ్లింగ్ 8,500
- యాక్సెసరీ కిట్ 31,900
- అదనపు వారంటీ 18,400
- తగ్గింపు: 20,000
- మొత్తం: ₹14,00,788

ఒక్కో వరసా పట్టుకుని కూర్చున్నాం.

బీమా: అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా ఇచ్చే మొత్తం; 10,31,700, అంటే ఎక్స్-షోరూమ్‌లో 95 శాతం), అదే జీరో డెప్ (మార్చిన భాగాలకి తరుగు కోత లేని బీమా), మూడేళ్ళ థర్డ్ పార్టీతో (ఎదుటివాళ్ళ నష్టానికి) బయట అడిగితే 38,650. ఐడీవీ తగ్గించి చవక చూపించే కొటేషన్లు వస్తాయి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. బయట బీమా తీసుకుంటే తగ్గింపు ఇవ్వం అన్నారు. బీమా ఎక్కడైనా తీసుకునే హక్కు మాకుందని, తగ్గింపు ఇవ్వం అన్న మాట కాగితం మీద రాసివ్వమని అడిగాం. రాయలేదు, ఒప్పుకున్నారు.

హ్యాండ్లింగ్: దేనికి అని అడిగితే యార్డు నుంచి బండి తేవడానికి అన్నారు. అది అమ్మేవాళ్ళ పని. తీసేశారు.

తగ్గింపు: ఇంకో డీలరు "లక్ష పైన తగ్గించాం" అని పాత ధరల పట్టీ చూపించాడు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. ఈ కోవ బండ్లకి అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. ఇప్పుడు సెస్సు పోయి 40 శాతం. ఆయన చూపించిన తగ్గింపులో కొంత భాగం పన్నులో తగ్గిందే. కొత్త ఎక్స్-షోరూమ్ మీద డీలరు తన జేబులోంచి ఇచ్చేదెంత అని మాత్రమే అడగండి.

యాక్సెసరీ కిట్: ఇక్కడ సీటూ ధరా ఒకదానికొకటి అడ్డొచ్చాయి. కిట్‌లో పెద్ద వస్తువు రెక్సిన్ సీటు కవర్లు. "ఫ్రీగా ఇస్తాం, తగ్గింపు బదులు తీసుకోండి" అన్నారు. డెమో బండికి అవే కవర్లు వేసి ఉంటే అత్తమ్మని కూర్చోబెట్టాను. కవరు లోపలి స్పాంజి వల్ల తొడల దగ్గర అంచు గట్టిపడింది, తువ్వాలు పెట్టిన నడుము వంపు పూడిపోయింది. నెల రోజులు కొలిచి తెచ్చుకున్న సీటు అది కాదు. ఇంకొకటి, ముందు సీటు పక్క కుట్టులో ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు ఉంటుంది. పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకునే బయటికి రావాలి. ఈ కవరు ఆ ట్యాగునే కప్పేసింది. కవర్లు వద్దు, మ్యాట్లు చాలు (2,400) అన్నాం. ఫ్రీ వస్తువుల విలువ డబ్బుగా అడిగితే తగ్గింపు 28,000 దాకా వచ్చింది.

నెలాఖరు, ఏడాది చివర, పైగా ధనుర్మాసం. ఈ నెలలో బండి డెలివరీ తీసుకోవడానికి చాలామంది వెనకాడతారు, షోరూము ఖాళీగా ఉంది. అత్తమ్మ కూడా వద్దంది. "తెల్లారకముందే లేచి గుళ్ళకి పోయే నెల ఇది, దేవుడి దగ్గరికి పోను బండి తెస్తే తప్పేముంది" అని మామగారు సర్దిచెప్పారు.

చివరి మొత్తం: ₹13,36,138. మొదటి కాగితం కన్నా ₹64,650 తక్కువ. వెతుకులాటకి అయిన 7,380 తీసేస్తే ₹57,270.

దశ 8: బండి చూసుకోవడం (డిసెంబరు 28)

డబ్బు పూర్తిగా కట్టే ముందు యార్డుకి వెళ్ళాం. మొదట చూపించిన బండి టైర్ల మీద చివరి నాలుగంకెలు 1925, అంటే 2025లో 19వ వారం. ఫారం 22 (బండికి కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం) అడిగితే బండి తయారైంది మేలో అని తేలింది. ఏడు నెలలు ఎండలో నిలబడింది. ఇంకో 15,000 తగ్గిస్తామన్నారు. మా ఆయన కొంచెం ఊగాడు, నేను వద్దన్నాను. రెండు రోజులాగితే నవంబరు బండి వచ్చింది.

దానికి చూసినవి: గాలి (41 ఉంది, 33కి దించాం), సీటు స్లైడు చివరిదాకా జరుగుతోందా, ఎడమ సీటు ఒంటి చేత్తో మడుస్తోందా, చైల్డ్ సీటు కొక్కేలు దొరుకుతున్నాయా, ఫ్లోరు నుంచి సీటు కొలత. 33. డెమో బండిదే.

దశ 9: సంక్రాంతి ప్రయాణం (జనవరి)

ఆరుగురం, సామానుతో అనంతపురం. నిండు లోడుకి స్టిక్కరులో వేరే అంకె ఉంటుంది, దాని ప్రకారం వెనక టైర్లకి గాలి పెంచాం. అత్తమ్మ మొదట సర్దుకున్నది 58 నిమిషాలకి. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మా ఆయన 31.

సరిచెయ్యాల్సింది ఒకటి మిగిలింది. మూడో వరసలో తొడల కింద ఆనిక లేదు. అయిదు సెంటీమీటర్ల గట్టి ఫోము ముక్క, ముందు అంచుకి ఏటవాలుగా కోసి, బెల్టు కుట్టుకి అడ్డం రాకుండా పెట్టి చూడాలి. శివాజీనగర్‌లో పరుపుల కొట్టతను కోసిస్తానన్నాడు. శివరాత్రికి ఊరెళ్ళొచ్చాక ఆ నిమిషాలు ఇక్కడే రాస్తాను.